సగోత్రపు స్టూలు

ఉలిని ఉలి అని పిలవడం అమర్యాద అన్న సంగతి పేకేటి భీమశంకరానికి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గాని తెలియలేదు. అంతకాలమూ ఆయన ఉలిని ఉలి అనీ, రంపాన్ని రంపం అనీ నోటికొచ్చినట్టు పిలుస్తూ, తన సంస్కారం మీద తనకు ఏ అనుమానమూ లేకుండా బతికేశాడు. ఆయన కళ్లు తెరిపించినవారు కాకినాడ అభిరుచి వడ్రంగుల సంఘంవారు.

సంఘమంటే పెద్ద భవనమూ బోర్డూ ఊహించుకోనక్కర్లేదు. ఒకప్పుడు కొబ్బరిపీచు నిలవచేసిన రేకుల షెడ్డు అది. రిటైరైనవాళ్లూ, రిటైరయ్యేదాకా ఆగలేనివాళ్లూ సాయంత్రాలు అక్కడ చేరి చెక్కపని చేస్తారు. ఎవరి పనిముట్లు వాళ్లు కొని సంఘానికి విరాళంగా ఇచ్చారు. గోడనిండా రంపాలు, ఉలులు, బల్లలనిండా కరెంటుతో తిరిగే యంత్రాలు. అన్నీ కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంటాయి. వీళ్లకు వస్తువుల మీద ఎంత శ్రద్ధో అని భీమశంకరం మొదట ముచ్చటపడ్డాడు. వాడకపోతే ఏ వస్తువైనా అలాగే మెరుస్తుందని ఆయనకు తర్వాత తట్టింది.

ఆయన ఆ సంఘంలో చేరింది సరదాకి కాదు. భార్య భ్రమరాంబకు రెండు మోకాళ్లకూ ఆపరేషనైంది. డాక్టరు ఆవిడని నేలమీద కూర్చోవద్దన్నాడు, ఎక్కువసేపు నిలబడవద్దన్నాడు, అలాగని పడుకుని ఉండిపోవద్దని కూడా అన్నాడు. ఇక మిగిలింది స్టూలు. బజారు స్టూలు ఎక్కితే ఆవిడ కాళ్లు గాల్లో వేలాడేవి, లేదంటే గడ్డం వచ్చి పొయ్యిగట్టుకి ఆనేది. వంటమనిషిని పెట్టి చూశారు. ఆ పిల్ల పోపు ఎక్కడ మాడ్చేస్తుందోనని పక్కనే నిలబడి కాపలా కాయడంలో భ్రమరాంబ మునుపటికంటే ఎక్కువసేపు నిలబడింది.

ఇదంతా చూసి భీమశంకరం అటక మీద విప్పి పడేసిన పాత టేకు పట్టెమంచాన్ని దింపించి, "దసరాలోగా నీ ఎత్తుకి సరిపడా స్టూలు నేనే చేసిపెడతాను చూడు" అని మాట ఇచ్చాడు. కాపరానికొచ్చింది మొదలు ఆయన ఇలాంటి మాటలు చాలా ఇచ్చాడు గాని, భ్రమరాంబ నమ్మడం అదే మొదటిసారి. మోకాళ్లు అంత నొప్పిగా ఉన్నాయి మరి.

చేరిన మొదటి సాయంత్రం ఆయన మంచం చెక్కలు షెడ్డులో దింపించి, పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషిని మర్యాదగానే అడిగాడు. ఆ పెద్దమనిషి పళ్ల డాక్టరు రెడ్నం పట్టాభి, సంఘానికి కోశాధికారి.

"డాక్టరు గారూ, ఓసారి ఉలి ఇస్తారాండీ?"

షెడ్డులో మాటలన్నీ ఆగిపోయాయి. పట్టాభి అటూ ఇటూ చూసి, ఆడవాళ్ల ముందు బూతుమాట విన్నవాడిలా ఎర్రబడ్డాడు.

"ఇక్కడ అలా అనకూడదండి" అన్నాడు గొంతు తగ్గించి. "బి.ఇ.సి. అనాలి."

"అంటే ఉలేనాండీ?"

"బయట ఉలేనండి. లోపల బి.ఇ.సి."

పట్టాభికి విదేశీయులు చెక్కపని చేసే వీడియోలు చూసే అలవాటుంది. వాళ్లు దేన్నీ పూర్తిపేరుతో పిలవరు. బెవెల్ ఎడ్జ్ చిజెల్ అనే ఉలి బి.ఇ.సి., గుండ్రటి రంపం సి.ఎస్., నున్నచేసే యంత్రం ఆర్.ఓ.ఎస్., జిగురు పి.వి.ఎ. ఆయన ఆ అలవాటు తెచ్చి షెడ్డులో వదిలాడు. అది జలుబులా అందరికీ అంటుకుంది.

"ఇలా పిలిస్తే చాలా టైము కలిసొస్తుందండి" అన్నాడు పట్టాభి.

"కలిసొచ్చిన టైములో ఏం చేస్తారండీ?"

"మాట్లాడుకుంటామండి."

అయితే దీన్ని అలవాటు స్థాయి నుంచి నిబంధన స్థాయికి ఎత్తినవారు సంఘాధ్యక్షులు కె.ఎల్.ఎన్.జి.కె. గారు. ఆయన రిటైర్డు సబ్-రిజిస్ట్రారు. ఆ అక్షరాల వెనక ఏ పేరుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. భార్యకు తెలిసి ఉండాలి గాని, ఆవిడ పెళ్లినాటి నుంచి "ఏవండీ" అనే పిలుస్తోంది కాబట్టి ఆవిడా మరిచిపోయి ఉండవచ్చు.

"గౌరవ సభ్యులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా" అని ఆయన మామూలుగానే మాట్లాడతారు. ఆ సాయంత్రం భీమశంకరాన్ని ఎదురుగా నిలబెట్టి మొదలుపెట్టారు. "కలెక్టరు గారిని మనం పేరెట్టి పిలుస్తామా? జడ్జి గారిని పిలుస్తామా? పెద్దమనిషికి పొడి అక్షరాలే గౌరవం. మనకి ఇంత అన్నం పెట్టే పనిముట్టుని మటుకు 'ఉలీ, గిలీ' అని ఏకవచనంలో పిలవడం న్యాయమా అన్నది ఈ సంఘం ముందున్న ప్రశ్న."

ఆ ఉలి అక్కడ ఎవరికీ ఒక్క మెతుకు పెట్టిన దాఖలా లేదు. అయినా భీమశంకరం తల ఊపాడు. ఆయన బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసినవాడు. నిబంధన అన్నమాట వినబడితే చాలు, అర్థంతో పనిలేకుండా మెడ దానంతటదే ఊగుతుంది. షెడ్డులో పూర్తిపేరు పలికినవాళ్లు రంపప్పొట్టు ఊడవాలని ఆ రోజే తీర్మానమైంది. ఊడవడానికి పొట్టు ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

భీమశంకరం బుద్ధిగా నేర్చుకున్నాడు. ఇంటి దగ్గర స్నానాల గదిలో కూడా వల్లెవేశాడు. ఎవరైనా ఏదైనా అడిగితే తడుముకోకుండా అందించే స్థితికి వచ్చాడు. ఈలోగా దసరా వచ్చి వెళ్లిపోయింది.

"స్టూలు ఎంతవరకూ వచ్చిందండీ?" అని భ్రమరాంబ అడిగితే, "మాటల వరకూ వచ్చింది" అన్నాడు నిజాయితీగా.

ఇంతలో షెడ్డులో ఒక అపశ్రుతి దొర్లింది. పట్టాభి తాళంచెవులు తగిలించుకోవడానికి చెక్కతో నెమలిని చేస్తున్నాడు. ఆ సంఘంలో అసలంటూ ఒక రూపానికి వచ్చిన మొదటి వస్తువు ఆ నెమలే. మెడ ఒంపు కోయడానికి ఆయన వెనక్కి తిరగకుండా "సి.ఎస్." అని చెయ్యి చాచాడు. ఆయనకు కావలసింది దారంలాంటి పళ్లున్న సన్నరంపం. ఇంగ్లీషులో అది కోపింగ్ సా కాబట్టి దానికీ సి.ఎస్. అనే పేరు. కార్యదర్శి చయనులు గారు కరెంటుతో తిరిగే గుండ్రటి రంపం అందించారు. నెమలికి మెడ లేకుండా పోయింది.

ఇంకో ఊళ్లో అయితే ఇక్కడితో పూర్తిపేర్లు తిరిగొచ్చేవి. సభ్యులు కొందరికి ఆ ఆలోచన వచ్చింది గాని, పైకి అనడానికి ధైర్యం చాలలేదు. అధ్యక్షులవారు మాత్రం నవ్వారు.

"ఊళ్లో ఇద్దరు సూర్యనారాయణలుంటే ఏం చేస్తాం? పేర్లు పెట్టడం మానేస్తామా? ఇంటిపేరు కలుపుతాం. అంతే కదండీ? ఇంటిపేరు లేకపోవడం వల్ల కదా ఈ అనర్థం సంభవించింది!"

సభ చప్పట్లు కొట్టింది. ఏ పనిముట్టు ఎవరిస్తే దానికి వాళ్ల ఇంటిపేరు పెట్టాలన్నారు. రెడ్నంవారి గుండ్రటి రంపం ఆర్.సి.ఎస్. అయింది. కార్యదర్శి గారి పూర్తిపేరు వక్కలంక చయనులు కాబట్టి ఆయనిచ్చిన సన్నరంపం వి.సి.ఎస్. అయింది. ఒకే దాత రెండు ఉలులు ఇచ్చినచోట దాత తండ్రిగారి పేరు కూడా కలపాల్సి వచ్చింది. ఉలి అన్నమాట రెండక్షరాలు. సంఘంవారు దాన్ని క్లుప్తం చెయ్యగా చెయ్యగా అయిదయ్యాయి.

పనిముట్లకు పెట్టాక చెక్కలకు పెట్టకపోతే వివక్ష అవుతుందన్నారు. భీమశంకరం మంచం చెక్కలన్నీ పేకేటి టేకు, అంటే పి.టి.గా నమోదయ్యాయి. నమోదైన చెక్క వస్తువుగా మారితే తప్ప షెడ్డు దాటి పోరాదన్న నిబంధన కూడా అప్పుడే పుట్టింది. అప్పటికి భీమశంకరానికి ఇందులో ప్రమాదమేమీ కనబడలేదు. తన చెక్కకు తన ఇంటిపేరు రావడం చూసి లోపల్లోపల కొంచెం పొంగిపోయాడు కూడా.

ఆ పొంగు కార్తీకమాసందాకా నిలిచింది. ఒక సాయంత్రం చయనులు గారు పారాయణానికి వాడుకునే పుస్తకాల పీట ఒకటి అతికించి తెచ్చి సభలో పెట్టారు. అందరూ చూస్తుండగానే అది పటుక్కున విడిపోయి రెండుగా పడుకుంది. జిగురు డబ్బాకు మూతపెట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. వేసవి నుంచీ అది తెరిచే ఉంది. లోపల జిగురు గట్టిపడి కలకండలా తయారైంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా విచారణ సంఘం వేశారు.

చయనులు గారు దేవాదాయ శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. మనిషి చాలా మెత్తన, ఎవరినీ నొప్పించరు. విచారణ ఫలితం కూడా ఆయన బాధతోనే చదివారు.

"విడిపోయిన చెక్కలు రెండూ వి.టి.లే. అంటే రెండూ మా వక్కలంక వారివే. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం. సగోత్రీకుల మధ్య సంబంధం నిలుస్తుందాండీ? తప్పు నాదే. చూసుకోకుండా కలిపాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

జిగురు సంగతి ఒక సభ్యుడు ఎత్తబోతే అధ్యక్షులవారు చెయ్యెత్తి ఆపారు. "అది భౌతిక కారణమండి. మనం మూలకారణం దగ్గరున్నాం."

ఒకే ఇంటిపేరుగల చెక్కలను ఇకపై అతకరాదు, దిగ్గొట్టరాదు, మేకు కూడా వెయ్యరాదు అని తీర్మానం ఏకగ్రీవమైంది. ఏకగ్రీవమంటే భీమశంకరం కూడా చెయ్యెత్తాడన్నమాట. ఎత్తిన చెయ్యి దించుతుండగా ఆయనకు తన మంచం చెక్కలు గుర్తొచ్చాయి. స్టూలు కాళ్లు నాలుగూ పేకేటివారే. పైన పలకా పేకేటివారే.

సభ ముగిశాక ఆయన అధ్యక్షులవారి వెంటపడ్డాడు.

"అయ్యా, నా చెక్కంతా ఒక్క మంచానిదేనండి."

"ఎరుగుదునండి. విచారకరం."

"అసలు చెక్కకి గోత్రమేవిటండీ బాబూ?"

కె.ఎల్.ఎన్.జి.కె. గారు ఆగి, జాలిగా చూశారు. "చెక్కకి ఇంటిపేరుందని మొన్న ఒప్పుకున్నారా లేదా?"

"ఒప్పుకున్నానండి."

"ఇంటిపేరున్నచోట గోత్రం లేకుండా పోతుందా?"

 మొదటి మెట్టు మీద తల ఊపినవాడికి పదో మెట్టు మీద అడ్డం చెప్పే దారి ఎప్పుడూ కనబడదు. చెక్క వెనక్కి ఇచ్చేయమని అడిగితే, ముడిసరుకుగా బయటికి పోరాదు కదా అని గుర్తుచేశారు. దానికీ ఈయన చెయ్యెత్తే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి భ్రమరాంబ వంటింట్లో ఒక మోచెయ్యి గట్టు మీద ఆన్చి, బరువు ఒకసారి ఈ కాలి మీదికీ ఒకసారి ఆ కాలి మీదికీ మార్చుకుంటూ చారు కాస్తోంది. ఆయన అలికిడి విని నొప్పి కనబడకుండా మొహం సర్దుకుంది. ఆ సర్దుకోవడం ఆయన చూశాడు. చచ్చేంత సిగ్గేసింది. ఎవరిదో నెమలి కోసం, ఎవరిదో పుస్తకాల పీట కోసం ఇన్ని సాయంత్రాలు చేతులెత్తి, ఈ మనిషిని ఇలా నిలబెట్టాడు. జరిగిందంతా చెప్పేశాడు.

భ్రమరాంబ ముక్కున వేలేసుకుంది. 

"ఆ మంచం మా నాన్న ఇచ్చింది కదండీ. పేకేటి వాళ్లదెలా అవుతుంది? మా అయినవిల్లి వాళ్లదవుతుంది గానీ."

మర్నాడు భీమశంకరం ఈ వాదన పట్టుకుని ఉత్సాహంగా వెళ్లాడు. కార్యవర్గం చాలాసేపు చర్చించింది. పెళ్లికూతురితోపాటు అత్తవారింటికి వచ్చిన మంచం పెళ్లికూతురితోపాటే ఇంటిపేరు మార్చుకుందని చయనులు గారు తేల్చారు. ఒకవేళ మార్చుకోలేదన్నా మొత్తం మంచం అయినవిల్లి వారిదే అవుతుంది కాబట్టి సగోత్రం సగోత్రంగానే ఉంటుందని అధ్యక్షులవారు జోడించారు. భీమశంకరం మొహం చూసి ఆయనకే మనసు కరిగింది.

"చట్టంలో దీనికి మార్గాంతరం ఉందండి" అన్నారు. "దత్తత."

పట్టాభి మంచివాడు. పైపలకను తాను దత్తత తీసుకుంటానన్నాడు. దత్తత తీసుకునేవారు దంపతులై ఉండాలి కాబట్టి ఆయన భార్యను పిలిపించారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చి, విషయం ఇదీ అని తెలిశాక కూడా చాప మీద కూర్చుంది. భీమశంకరం పలకను ఎత్తి ఆ దంపతుల ఒళ్లో పెట్టి, ఇచ్చానని మూడుసార్లు అన్నాడు. అందరికీ కాజాలు పంచాడు. పట్టాభి భార్య ఒక్కటే అడిగింది, అదీ భర్త చెవిలో. "దీన్ని మనం ఇంటికి తీసుకెళ్లాలాండీ?"

ఇప్పుడు కాళ్లు పేకేటివారివి, పలక రెడ్నంవారిది. భీమశంకరం ప్రాణం లేచొచ్చింది. ఊపిరి తిప్పుకోకుండా పనిచేశాడు. నాలుగు కాళ్ల కొసలూ సన్నగా చెక్కాడు. పలక నాలుగు మూలలా ఆ కొసలు పట్టేలా బెజ్జాలు తవ్వాడు. చేతులు బొబ్బలెక్కాయి. షెడ్డులో మొదటిసారి ఊడవడానికి తగినంత రంపప్పొట్టు పడింది. సభ్యులు దాని చుట్టూ చేరి వింతగా చూశారు, ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

కాళ్లు దిగ్గొట్టడానికి సుత్తి ఎత్తిన క్షణాన చయనులు గారు ఇబ్బందిగా దగ్గారు.

"చిన్న సందేహమండి. లోపలికి వెళ్లేది మగపెళ్లివారు, బెజ్జం ఉన్నది ఆడపెళ్లివారు. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను."

అందరూ రేకుల కప్పు కేసి చూశారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"అయితే ఇక్కడ పెళ్లికూతురు ఒక్కతే. పెళ్లికొడుకులు నలుగురు."

సుత్తి గాల్లోనే ఆగింది. 

"నలుగురూ అన్నదమ్ములే కదండీ" అన్నాడు భీమశంకరం నీరసంగా. అనగానే నాలిక కరుచుకున్నాడు.

అధ్యక్షులవారు గంభీరంగా లేచి నిలబడ్డారు. "పురాణాల్లో ఇటువంటి ఉదాహరణ ఒకటి లేకపోలేదు. కాని దాన్ని పూర్వప్రమాణంగా స్వీకరించే అధికారం ఈ కార్యవర్గానికి సంక్రమించలేదు. కావున, తగు విచారణ జరిపిన మీదట, ఒక కాలికి మాత్రమే అనుమతి మంజూరు చేయడమైనది. తక్కిన మూడు కాళ్లనూ అవివాహితులుగా పరిగణించి అలమారలో భద్రపరచవలెను."

"ఒంటికాలి మీద స్టూలు నిలబడదండీ!"

"నిలబడుట అనేది నిబంధనల్లో ఎక్కడా నిర్వచించబడలేదండి."

భీమశంకరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో సుత్తి ఉంది, ఎదురుగా అధ్యక్షులవారి బట్టతల ఉంది. కానీ జీవితంలో ఒక్క బస్సునైనా టైముకి ముందు కదలనివ్వని మనిషి ఆయన. ఒక్క కాలే దిగ్గొట్టి, సుత్తి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సంఘ చరిత్రలో పూర్తయిన మొదటి వస్తువు అది. దాన్ని అప్పగించడానికి సభ పెట్టారు. భ్రమరాంబను లబ్ధిదారు హోదాలో ఆహ్వానించారు. ఆవిడ కర్ర ఊతంతో ఆటో దిగి వచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. వేదిక మీద స్టూలును గోడకి ఆనించి, పడిపోకుండా పూలదండతో మేకుకి కట్టారు. అధ్యక్షులవారు దాని నామధేయం చదివారు. "పి.ఆర్.డి.టి.వి.ఎస్." పేకేటి, రెడ్నం, దత్తత, టేకు, వంటగది స్టూలు. కరతాళధ్వనులు చాలాసేపు మోగాయి. కర్ర పట్టుకుని నిలబడ్డ భ్రమరాంబ ఆ చప్పట్లు తగ్గేదాకా ఆగింది.

"మరి కూర్చోవాలంటే ఎలాగండీ?"

"కూర్చోవడమనేది వినియోగదశమ్మా" అన్నారు అధ్యక్షులవారు ప్రసన్నంగా. "మా సంఘం పరిధి నిర్మాణదశ వరకే."

భ్రమరాంబ స్టూలు కేసి చూసింది. దాని మూలల్లో ఖాళీగా ఉన్న మూడు బెజ్జాల కేసి చూసింది. తర్వాత వేదిక మీదున్న ముగ్గురి కేసి చూసింది. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి.

"అంత కష్టపడి చేశారు, ఆ వినియోగం కూడా కళ్లారా చూడకపోతే ఎలాగండీ? రేపు పొద్దున్నే మా ఇంటికి రండి. ముగ్గురూ తప్పకుండా రావాలి."

ఏ టిఫినో పెడుతుందనుకుని ముగ్గురూ సంతోషంగా ఒప్పుకున్నారు.

మర్నాడు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. భ్రమరాంబ వాళ్లని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి ముందు భీమశంకరం ఆ స్టూలుని ఒంటికాలి మీద నిలబెట్టి పట్టుకుని ఉన్నాడు.

"ఈ మూల మీరు పట్టుకోండి చయనులు గారూ. అటువైపు డాక్టరు గారు. అధ్యక్షుల వారు ఇటు, పొయ్యి పక్కకి రండి. కొంచెం కిందకి కూర్చుంటే గానీ ఎత్తు సరిపోదండీ. ఆఁ, అలా."

ఆవిడ గొంతులో ఎంత మర్యాద ఉందంటే, కాదనడానికి ముగ్గురికీ సందు దొరకలేదు. పైగా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గుమ్మంలో చేరి చూస్తున్నారు. అధ్యక్షులవారు నేలమీద గొంతుక్కూర్చుని, రెండు చేతులతో పలక పట్టుకుని, "తాత్కాలిక మానవ ఆసరాకు నిబంధనలలో నిషేధం లేదు" అని తమకు తామే మంజూరు చేసుకున్నారు. ముగ్గురివీ మూడు వేరువేరు ఇంటిపేర్లు కావడం చూసి చయనులు గారు తృప్తిపడ్డారు.

భ్రమరాంబ కర్ర గోడకి ఆనించి, గట్టు పట్టుకుని, మెల్లగా కూర్చుంది. స్టూలు కొంచెం ఊగి నిలదొక్కుకుంది. కాళ్లు నేలకి ఆనాయి. చెయ్యి పొయ్యికి అందింది. గడ్డం గట్టు మీద ఉండవలసినంత ఎత్తులోనే ఉంది. ఆపరేషనయ్యాక మొదటిసారి ఆవిడ కూర్చుని పొయ్యి వెలిగించింది. మోకాళ్ల మీద నుంచి బరువు దిగిపోతుంటే ఆవిడ మొహంలో బిగువు సడలడం భీమశంకరం చూశాడు. సంతోషమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చి, ఆయన అవతలికి తిరిగి ఊరికే కరివేపాకు దూశాడు.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు పట్టాభి కింద నుంచి, ఆశగా.

"పనసపొట్టు కూరండీ. ముందు కాయ కొట్టుకోవాలి. తర్వాత ఉడకాలి. తర్వాత వార్చాలి. ఆవపెట్టి చేస్తానండీ, టైము పడుతుంది."

మొదట చయనులు గారికి చేతులు వణికాయి. ఆ తర్వాత పోపులో ఆవాలు చిటపటలాడి రెండు మూడు అధ్యక్షులవారి బట్టతల మీద పడ్డాయి. ఆయన చలించలేదు. పదవిలో ఉన్నవారు అలాంటివి పట్టించుకోరు. కాని గొంతుక్కూర్చోవడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేని పని. కాసేపటికి ఆయన మొహంలో రంగులు మారడం మొదలైంది.

"భ్రమరాంబ గారూ" అన్నారు, పళ్ల బిగువున. "ఎం.ఎన్."

"అంటే ఏవిటండీ?"

"ఎం.ఎన్.... ఎం.ఎన్.ఎస్.... అబ్బ, మోకాళ్లు! మోకాళ్లు లాగేస్తున్నాయమ్మా తల్లీ!"

"అయ్యయ్యో, అలా పూర్తిపేరుతో అనేశారేవిటండీ, మోకాళ్లు చిన్నబుచ్చుకోవూ?" అంది భ్రమరాంబ, గరిటె తిప్పుతూ.

అధ్యక్షులవారు మెడ తిప్పి భీమశంకరాన్ని కేకేశారు. సబ్-రిజిస్ట్రారు గొంతు కాదది, నొప్పితో ఉన్న మామూలు మనిషి గొంతు.

"ఏవండీ భీమశంకరం గారూ! ఆ కాళ్లు మూడూ ఎక్కడున్నాయి?"

"షెడ్డులోనండి. అలమారలో. అవివాహితులుగా."

"తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది, తీసుకోండి. సుత్తి కూడా పట్టుకురండి. తెచ్చి దిగ్గొట్టేయండి."

"సుత్తి అనొచ్చాండీ?"

"అనండి!"

"నలుగురు పెళ్లికొడుకులవుతారేమోనండి."

"నలుగురో నలభైమందో, ఎవరైతే నాకేవిటండీ! ముందు తెచ్చి కొట్టండి బాబూ!"

పలక కింద నుంచి చయనులు గారూ, పట్టాభీ ఒక్కమాటగా తీర్మానాన్ని బలపరిచారు.

భీమశంకరం తాళంచెవి తీసుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోయాడు. వెనక నుంచి భ్రమరాంబ పిలిచింది. ఆవిడ స్టూలు మీద ఇంకాస్త వెనక్కి జరిగి, స్థిమితంగా సర్దుకుని కూర్చుంది. కింద ముగ్గురూ మూలిగారు.

"ఏవండీ, ఎండగా ఉంది. పరుగులెట్టకండి. దార్లో కొబ్బరిబోండం తాగి, నెమ్మదిగా రండి. నేనింకా పప్పు వెయ్యలేదు."

భార్య మాట కూడా ఒక నిబంధనే కాబట్టి, భీమశంకరం ఆ రోజు దాన్ని అక్షరాలా పాటించాడు.